నిప్పు ఏ గదిలో పుట్టింది

మంట ఆర్పడం శిక్షణలో నేర్పుతారు. నీళ్లు పట్టడం, నిచ్చెన ఎక్కడం, పొగలో నేలకు అంటుకుని పాకడం, స్పృహ తప్పిన మనిషిని భుజాన వేసుకుని దిగడం, అన్నీ మైదానంలో చెమటోడ్చి నేర్చుకుంటారు. అవి రానివాడు అగ్నిమాపక శాఖలో నిలవడు. మంట ఆరిన తర్వాత ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పరు. వరంగల్‌లో గడిచిన నా సర్వీసులో నన్ను ఎక్కువగా అలసగొట్టింది ఆ రెండో పనే. పైపులు చుట్టి బండిలో పెట్టేశాక, తడిసిన బూడిద వాసన మధ్య ఇద్దరు మనుషులు నా దగ్గరికి వస్తారు. ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకుంటూ ఇద్దరూ ఒకే మాట అంటారు: "రాసుకోండ్రి సార్, గీళ్ల వల్లనే."

ఆ ఇద్దరిలో ఒకరు ఇంటి ఓనరు, రెండోవారు కిరాయిదారు.

సొంత ఇంట్లో అంటుకున్న నిప్పుకు కారణం ఎవరూ పట్టుబట్టి అడగరు. ఏడుస్తారు, తుడుచుకుంటారు, సున్నం వేయించుకుంటారు. కిరాయి ఇంట్లో అంటుకుంటే మాత్రం మంట కన్నా ముందు మాట లేస్తుంది. నేను వకీలును కాను. అయినా ఇన్నేళ్లు వకీళ్లకు సాక్ష్యం చెప్పి చెప్పి చట్టం సారం కొంత వంటబట్టింది. వాడుకలో ఇల్లు అరిగితే అది ఓనరు చూసుకోవాలి. కిరాయిదారు అజాగ్రత్తతో చెడితే కిరాయిదారు చూసుకోవాలి. ఎవరి చేతుల్లోనూ లేని ఆపద వస్తే ఒకరి మీద ఒకరు పడకూడదు. ఇందులో తెలియనిది ఏమీ లేదు. తెలియనిదల్లా ఒక్కటే: నిప్పు ఎక్కడ పుట్టింది, ఎలా పుట్టింది. అది మేం రాయాలి. మేం రాసిన రెండు వాక్యాల మీద ఒక కుటుంబం ఆ వీధిలో ఉంటుందో పోతుందో తేలుతుంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ముందుగా ఈ బరువు తెలుసుకుని రావాలని ఇదంతా రాస్తున్నాను.

పొంగించిన పాలు

బరువైన కథ చెప్పేముందు తేలికది ఒకటి చెబుతాను. తేలికదే కాని, అందులోనూ అదే ప్రశ్న ఉంది.

హన్మకొండలో ఒక అపార్ట్‌మెంటు. పెళ్లయి ఏడాది కూడా కాని భార్యాభర్తలు కిరాయికి దిగారు. కొత్త ఇంట్లో దిగేముందు పాలు పొంగించడం మనకు తెలిసిందే. వాళ్లు వంటింట్లో పొంగిస్తామన్నారు. ఓనరు ఒప్పుకోలేదు. హాల్లో ఈశాన్యం మూలన, కింద నేల మీద పొంగించాలని పట్టుబట్టాడు. చిన్న సిలిండరు మీద బిగించే పొయ్యి తెచ్చి పెట్టారు. పక్కనే కిటికీ, కిటికీకి పరదా. ఉక్కపోస్తోందని ఫ్యాను వేశారు. పాలు పొంగాయి. పరదా అంటుకుంది. మేం వెళ్లేసరికి బకెట్లతో వాళ్లే ఆర్పేశారు. హాలు కప్పు నల్లబడింది, నేల గ్రానైటు పొయ్యి వేడికి పగిలింది.

"పాలు పొంగియ్యమన్న గని పరదా అంటవెట్టుమన్ననా?" అన్నాడు ఓనరు.

"వంటింట్ల పొంగిస్తమంటే వద్దన్నది మీరు కాదా అంకుల్? ఈశాన్యం ఈశాన్యం అని వేలు వెట్టి చూపిచ్చిండ్రు" అన్నాడు ఆ అబ్బాయి.

"ఫ్యాను ఎయ్యమన్నది గూడ మీరే" అంది ఆ అమ్మాయి, ఇంకా తడిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

ఓనరు గిన్నెలోకి తొంగి చూసి, "సరే తియ్, పాలైతే మంచిగనే పొంగినయ్" అన్నాడు.

అందరం నవ్వాం. నవ్వినంత మాత్రాన పగిలిన రాయి అతుక్కోదు కదా. నేను చూసింది చూసినట్టు రాశాను: పొయ్యి ఎక్కడ ఉంది, పరదా ఎంత దగ్గర ఉంది, ఫ్యాను తిరుగుతోంది, ఆ చోటు ఎవరు చూపించారు. పుల్ల గీసింది కిరాయిదారు చెయ్యి. చోటు ఎంచింది ఓనరు మాట. నష్టం సగం సగం పంచుకున్నారని తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో వాళ్లు చాలా కాలం ఉన్నారు. అన్ని తగవులూ ఇలాగే తెగితే నేను ఈ కాగితాల మీద కూర్చునేవాణ్ణి కాదు.

మా పెద్దసారు ముద్ర

నా పై అధికారి ఒకాయన ఉండేవాడు. పేరు అక్కర్లేదు, మేమంతా పెద్దసారు అనేవాళ్లం. మంచివాడు. పొగ నిండిన గదిలోకి మా అందరికన్నా ముందు తాను దూరేవాడు. ధైర్యం గురించి నేను ఆయన దగ్గర నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు. అయితే కారణం రాయాల్సిన చోట ఆయన చెయ్యి ఎప్పుడూ ఒకే మాట రాసేది: షార్ట్ సర్క్యూట్.

గుడిసె కాలితే షార్ట్ సర్క్యూట్. కరెంటు లేని గడ్డివామి కాలినా ఆ మాట రాయబోయి మా లీడింగ్ ఫైర్‌మన్ యాదగిరి దగ్గితే ఆగాడు. ఎందుకిలా రాస్తారని అడిగాను ఒకసారి.

"ఎవని పేరు రాస్తవ్ రా? ఓనరు పేరు రాస్తే కిరాయిదారును ఎల్లగొడ్తడు. కిరాయిదారు పేరు రాస్తే వాని బతుకు ఆగం. కరెంటుకు పేరు లేదు, కులం లేదు, వచ్చి మన కాలర్ పట్టుకోదు. రెండు ఇండ్లు నిలవడ్తయ్" అన్నాడు.

ఆయన మాటలో దయ ఉంది. ఆ దయను నేను ఇప్పుడు కూడా కాదనను. కానీ నేను పెరిగిన వాతావరణం వేరు. చదువుకునే రోజుల్నుంచి మూఢనమ్మకాల మీద జరిగే సభల్లో మాట్లాడేవాణ్ణి. ఊరూరా తిరిగి చేతబడి లేదని, గ్రహాలు మనిషి గడప తొక్కవని వాదించేవాణ్ణి. కారణం లేని కార్యం లేదని మైకు ముందు గొంతు చించుకున్నవాడు, స్టేషనులో కూర్చుని కారణం చోట మంత్రం రాస్తాడా? మన తాతలు కర్మ అన్నారు. మనం షార్ట్ సర్క్యూట్ అంటున్నాం. రెండు మాటలూ చేసే పని ఒకటే. ఎవరూ ఏమీ చేయలేదని చెప్పి అందరినీ ఇంటికి పంపించడం. మళ్లీ అదే చోట అదే తప్పు జరగడానికి దారి తెరిచి ఉంచడం.

ఇంకో సంగతి పెద్దసారుకు పట్టలేదు. కారణం రాయకపోతే నింద ఆగదు. వీధి రాసుకుంటుంది. వీధి ఎప్పుడూ బలహీనుడి పేరే రాసుకుంటుంది.

"నీ ఉపన్యాసాలు మీటింగుల చెప్పుకో" అనేవాడు పెద్దసారు. యాదగిరి పక్కకు తిరిగి నవ్వుకునేవాడు.

తాళం వేసిన గది

ఇక రజియా ఇంటి సంగతి.

అది వరంగల్‌లో ఒక పాత గల్లీలో పెంకుటిల్లు. దూలాలు, వాసాలు అన్నీ కర్రవే. వెనక రెండు గదులు, ఒక వంటిల్లు రజియా కుటుంబానికి కిరాయికి ఇచ్చారు. రజియా దర్జీ పని చేసేది. చుట్టుపక్కల ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె చేతి మీదే పోయేవి. భర్త ఖాజా ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. ఇంటి ముందు గదిని మాత్రం ఓనరు కిరాయికి ఇవ్వలేదు. తాళం వేసి తన దగ్గరే పెట్టుకున్నాడు. పల్లెల్లో ఉండే ఓనర్లు చాలామంది ఇలాగే ఒక గది ఉంచుకుంటారు. పట్నం వచ్చినప్పుడు దిగడానికని, పాత మంచాలు, బిందెలు పడేయడానికని.

ఓనరు పేరు సుధాకర్. వర్ధన్నపేట దగ్గర పల్లెలో భూమి ఉంది, అక్కడే ఎరువుల దుకాణం ఉంది. చదువుకున్నవాడు, మాట మర్యాద తెలిసినవాడు. ఆ ఏడు పత్తిని ఎనుమాములకు తెచ్చాడు. ఆ రోజు ధర పడిపోయింది. తిరిగి ఊరికి మోసుకుపోవడం ఎందుకని, ధర లేచేదాకా ఆగుదామని, ట్రాలీని ఈ ఇంటికి తోలించి పత్తినంతా ముందు గదిలో నడుమెత్తు కుప్ప పోయించాడు. వెంట వచ్చిన తల్లి లచ్చమ్మ కుప్పకు పసుపు కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. తాళం వేసుకుని ఊరికి పోయారు.

కొన్నాళ్లకు ఒక పొద్దున రజియా మిషను తొక్కుతుంటే ముందు గది తలుపు సందులోంచి పొగ వచ్చింది. తాళం చెవి ఆమె దగ్గర లేదు. అరిచింది. గల్లీ వాళ్లు వచ్చి గడ్డపారతో తాళం పగలగొట్టారు. తలుపు తెరవగానే లోపలికి గాలి కొట్టి, అప్పటిదాకా పొగగా ఉన్నది మంటై కప్పుకు లేచింది. ముందు గది, దాని మీది కప్పు, అక్కడినుంచి రజియా కుట్టుపని గది కప్పు కాలిపోయాయి. మనుషులు బయటపడ్డారు. మిషనును ఎవరో ఈడ్చుకొచ్చారు. కుట్టడానికి ఇచ్చిన బట్టల మూటలు కాలిపోయాయి. అందులో ఒక పెళ్లివాళ్ల పట్టుబట్టలున్నాయి.

మేం ఆర్పి బయటికి వచ్చేసరికే వీధి తీర్పు తయారుగా ఉంది. కుట్టుపని గదికీ ముందు గదికీ మధ్య ఒకటే గోడ. గోడకు ఇవతల రజియా ఇస్త్రీ బల్ల. ఇంకేం కావాలి?

"ఇస్త్రీపెట్టె బందువెట్టుడు మర్సిపోయింది" అంది ఒకామె. చూసినట్టే చెప్పింది.

సుధాకర్ మధ్యాహ్నానికి వచ్చాడు. తల్లిని కూడా తెచ్చాడు. కాలిన కప్పు కేసి చూశాడు. అతని తండ్రి కట్టించిన ఇల్లు అది. తర్వాత జేబులోంచి కిరాయి ఒప్పందం తీశాడు. ఇంటికి ఏ నష్టం జరిగినా కిరాయిదారే బాగు చేయించి ఇవ్వాలని అందులో ఉంది. అందరూ సంతకం పెట్టే వాక్యమే అది. చదివి సంతకం పెట్టినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

"నేను పరాయోన్ని గాదు చెల్లె. నిన్నేమన్న అంటున్ననా? కప్పు ఎప్పటిలెక్క ఏపిచ్చి ఇయ్యిండ్రి, ఇల్లు ఖాళీ చెయ్యిండ్రి, గంతే" అన్నాడు రజియాతో.

రజియా అతనితో వాదించలేదు. నా దగ్గరికి వచ్చింది. కళ్లు పొగకు ఎర్రబడి ఉన్నాయి.

"సార్, నేను పొద్దుగాల్నుంచి ఇస్త్రీపెట్టె ముట్టలే. వైరు గూడ ఇప్పలే, సుట్టినట్టే ఉన్నది సూడుండ్రి. కప్పు ఎట్లనో ఏపిస్తం, కూలి చేసి ఏపిస్తం. గని సాయబులకు ఇల్లు దొరుకుడే కష్టం సార్. ఇల్లు గాలవెట్టినామె అని పేరువడ్డంక ఇంకెవలిస్తరు? జాకెటు గుడ్డ ఎవలిస్తరు?"

ఆమె ప్రశ్న నాకు స్పష్టంగా అర్థమైంది. కప్పు ఒకసారి వేయిస్తే తీరిపోతుంది. పేరు తీరదు.

కుప్ప చెప్పిన సాక్ష్యం

పత్తి నిప్పు గురించి కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. పత్తిలో నిప్పురవ్వ పడితే గడ్డిలా భగ్గుమనదు. లోపలికి దిగుతుంది. గాలి తక్కువ ఉన్న చోట కుప్ప అడుగున పొగ కూడా పెద్దగా రాకుండా రోజుల తరబడి తింటూ పోతుంది. పైన తెల్లగా ఉంటుంది, లోపల బొరియ పడుతుంది. అందుకే పత్తి గోదాము కాలినప్పుడు మంట ఆరిందని మేం ఇంటికి రాం. ప్రతి మూటా చీల్చి చూస్తాం.

సాయంత్రం కుప్పను పారలతో తీయించాను. యాదగిరి విసుక్కున్నాడు. "కాలిపోయిన పత్తిల ఏం దేవులాడుతవ్ సార్, బంగారమా?" అన్నాడు. అన్నాడే కాని పార వదల్లేదు.

రజియా గోడ వైపు, అడుగున, పత్తి ఇంకా తెల్లగా ఉంది. నీళ్లకు ముద్దకట్టింది తప్ప కాలలేదు. కుప్ప ముందు భాగంలో, తలుపు వైపు, నల్లటి బొరియ లోపలిదాకా పోయింది. పైకప్పులో మంట బాగా తిన్న వాసాలు సరిగ్గా ఆ బొరియ మీదివే. గోడ మీద, ఇస్త్రీ బల్ల వైపు, మసి పైనుంచి కిందికి దిగింది. కింద పుట్టి పైకి ఎక్కలేదు. ఇస్త్రీపెట్టె వైరు ఆమె చెప్పినట్టే చుట్టి ఉంది. గల్లీవాళ్లు మెయిను తీసేదాకా ఆమె గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉందని తాళం పగలగొట్టినవాడే చెప్పాడు, అంటే ఆమె వైపు కరెంటు చెడలేదు. ముందు గదిలో ఉన్న ఒక్క బల్బుకు స్విచ్చి బంద్ చేసి ఉంది. దాని వైరు మంటకు కరిగిందే తప్ప, మంటకు ముందు చెడిన గుర్తులు నాకు కనిపించలేదు.

బొరియ మొదలైన చోట, తలుపు దగ్గర, రెండు కొబ్బరి చిప్పలు దొరికాయి.

అప్పుడు నాకేమనిపించిందో చెప్పాలి. సంతోషం వేసింది. ఇన్నేళ్లు సభల్లో చెప్పింది నా కళ్ల ముందు బూడిదలో దొరికినట్టయింది. ఊదుబత్తి! ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ మన మనసుకు నచ్చిన కారణం తనంతట తానే చేతికి వచ్చినప్పుడు దాన్ని రెండింతలు అనుమానించాలి. వీధికి ఇస్త్రీపెట్టె నచ్చింది. పెద్దసారుకు కరెంటు నచ్చుతుంది. నాకు ఊదుబత్తి నచ్చితే, నాకూ వాళ్లకూ తేడా ఏమిటి? పత్తి దింపిన కూలీ బీడీ తాగి ఉండొచ్చు. ఇంకేదైనా రవ్వ ట్రాలీలోనే పడి వచ్చి ఉండొచ్చు.

అందుకని లచ్చమ్మను అడిగాను. ముసలామె గడప మీద కూర్చుని ఉంది.

"అవ్వా, పత్తి పోసిన్నాడు ఏమేం చేసిండ్రు?"

"ఏం జేస్తం కొడుకా? లక్ష్మి ఇంటికచ్చింది గదా. బొట్టువెట్టిన, కొబ్బరికాయ కొట్టిన, ఊదుబత్తులు..."

"అమ్మా!" అన్నాడు సుధాకర్. అంతే. ఆమె నోరు మూతపడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు నిప్పులు, రెండు న్యాయాలు

సుధాకర్ నన్ను పక్కకు తీసుకెళ్లాడు. బెదిరించలేదు, ఆశ చూపలేదు. నిజంగా నమ్మే మాట్లాడాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"సార్, మీరు చదువుకున్నోళ్లు. ఒకవేళ ఊదుబత్తే అనుకోండ్రి. మా అమ్మ దేవుని పేరు మీద ముట్టిచ్చింది. అది ఎవల తప్పు? దేవుని అగ్గి గది. మా రాత మంచిగ లేకుంటే అంటుకున్నది. గా రాతను మా అమ్మ నెత్తిన రాస్తరా?"

"మరి రజియా ఇస్త్రీపెట్టెతో అంటుకుంటే?"

"అది అజాగ్రత్త గదా సార్" అన్నాడు వెంటనే.

చూశారా? ఒకే గది, ఒకే పత్తి, ఒకే రవ్వ. కిరాయిదారు చేతిలోంచి పడితే అజాగ్రత్త, ఓనరు చేతిలోంచి పడితే రాత. బతుకుదెరువు కోసం పెట్టిన నిప్పు నేరం, భక్తితో పెట్టిన నిప్పు విధి. మన దేశంలో ఇళ్ల తగవులే కాదు, సగం తగవులు ఈ లెక్కన నడుస్తున్నాయి. నిప్పుకు భక్తి తెలియదు. ఎవరు ముట్టించారో, ఎందుకు ముట్టించారో దానికి పట్టదు. పత్తి దొరికితే తింటుంది. లచ్చమ్మ చెడ్డది కాదు, కొడుకు చెడ్డవాడు కాదు. పత్తి కుప్పలో నిప్పు గుచ్చి తాళం వేసుకుని పోవడం మాత్రం అజాగ్రత్తే. దానికి దేవుడి పేరు పెట్టినంత మాత్రాన రాత అయిపోదు.

ఇదంతా అతనితో గట్టిగానే అన్నాను. అతను తల వంచుకుని విన్నాడు. ఏమీ మారలేదు.

నా నివేదికలో ఇలా రాశాను. నిప్పు ఓనరు తాళం వేసుకున్న గదిలో, పత్తి కుప్ప లోపల, తలుపు వైపు పుట్టింది. కొన్నాళ్లు అడుగున రగిలిన నిప్పు అది. కిరాయిదారు గదుల్లో నిప్పు పుట్టిన గుర్తులు లేవు. రవ్వ ఊదుబత్తిదా, బీడీదా, ఇంకొకటా అన్నది తేల్చలేను. ఆ చివరి వాక్యం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అయినా రాశాను, ఎందుకంటే నేను చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు రాయడమే కదా ఇన్నాళ్లూ నేను పోట్లాడింది.

పెద్దసారు చదివి, కళ్లజోడు తీసి, "షార్ట్ సర్క్యూట్ అని ఒక్క ముక్క రాస్తే అందరు ఇండ్లకు పోతుండె" అన్నాడు.

"రజియా ఏ ఇంటికి పోతది సార్?" అన్నాను.

కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. సంతకం పెట్టాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ సంతకం వల్ల ఇంకా మిగిలి ఉంది.

గల్లీలో మాట

నివేదిక నకలు ఖాజా చేతికి ఇచ్చాను. కప్పు భారం వాళ్ల మీద వేయడానికి వీల్లేదని సుధాకర్‌కు అతని వకీలే చెప్పాడట. ఆ సంగతి అక్కడితో తెగింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆ వారంలోనే రజియా స్టేషనుకు వచ్చింది.

"కాయితం మంచిగనే రాసిండ్రు సార్. గని గల్లీల చదివేటోళ్లెవలు? కుట్టుపనికి ఒక్కలు గూడ వస్తలేరు. కిరాయిండ్లు సూస్తాన్నం, ముందుగాల గదే అడుగుతాండ్రు, 'కాలినిల్లు మీదేనా?' అని. జర మీరొచ్చి మీ నోటితోని ఒక్క మాట చెప్పుండ్రి."

వెళ్లాను. ఆ రోజు సుధాకర్ కప్పు కొలతలు తీయించడానికి మేస్త్రీని తెచ్చాడు, తల్లి కూడా వచ్చింది. గల్లీ ఆడవాళ్లు, మగవాళ్లు అక్కడే చేరారు. నాకు జనం ముందు మాట్లాడటం కొత్త కాదు. చక్కగా, వరుసగా చెప్పాను. బొరియ ఎక్కడ ఉంది, తెల్లటి పత్తి ఎక్కడ మిగిలింది, మసి ఎటు దిగింది. పసిపిల్లలకైనా అర్థమయ్యేలా చెప్పాననుకున్నాను.

అంతా అయ్యాక వెనకనుంచి ఒక పెద్దమనిషి అన్నాడు: "సారుకు దేవుడంటే పడదు గదా. మీటింగులల్ల గూడ గట్లనే మాట్లాడ్తడు. ఊదుబత్తుల మీద వెట్టిండు గిప్పుడు."

"నేను ఊదుబత్తి అనలేదయ్యా" అన్నాను.

"మీరనకపోయినా మాకెర్క తియ్ సారూ" అన్నాడు. నలుగురు నవ్వారు.

ఏళ్ల తరబడి నేను మాట్లాడిన మాటలన్నీ ఆ ఒక్క క్షణంలో నాకు అడ్డం వచ్చి నిలబడ్డాయి. ఆ ఉపన్యాసాలకు నేను సిగ్గుపడను, ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. కానీ ఆ సాయంత్రం అక్కడ నేను నిజం చెబుతున్నా, నా నోట్లోంచి వచ్చింది కాబట్టి అది నా మతంలా వినిపించింది. నా పక్కన రజియా నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. నన్ను తీసుకొచ్చి తప్పు చేశానని ఆమె అనుకుంటున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు లచ్చమ్మ లేచింది.

"ఊదుబత్తులు నేనే గుచ్చిన" అంది.

"అమ్మా, నువ్వు ఊకో" అన్నాడు సుధాకర్.

"నువ్వూకోరా. అప్పుడొకసారి ఊకుంటే నాకు నిద్రవడ్తలేదు." గల్లీవాళ్ల వైపు తిరిగింది. "పత్తిలనే గుచ్చిన. గ్లాసు లేదు, అరటిపండు లేదు, కుప్పలనే గుచ్చిన. తలుపేసి పోయేటప్పుడు గూడ పొగ వస్తనే ఉండె. లక్ష్మీ, నువ్వే సూసుకో అని దండం వెట్టి పోయిన. గా పిల్లదేం లేదు."

"నీకెట్ల తెల్సు అవ్వా, గదే అంటుకున్నదని?" అన్నాడు ఆ పెద్దమనిషే, కొంచెం ఎగతాళిగా.

"నాకు తెల్వది. అంటుకున్నదో లేదో నాకు తెల్వది. నేను గుచ్చినన్నది తెల్సు. దేవుని ముంగట గుచ్చినదాన్ని, దేవుని ముంగట అబద్ధమాడుతనా?"

ఎవరూ నవ్వలేదు. నేను నివేదికలో చేయి రాక రాసిన చివరి వాక్యాన్ని ఆమె నాకన్నా సూటిగా చెప్పింది. తనకు తెలిసిందేదో, తెలియనిదేదో విడదీసి చెప్పింది. నాతో వాదనకు దిగిన పండితుల్లో ఆ పని చేసినవాళ్లు తక్కువ. ఆమె ఆ మాట చెప్పింది దేవుడి మీది భయంతో. ఆ భయం తప్పని నేను ఇప్పటికీ అంటాను. అనడానికి ఆ రోజు మాత్రం నాకు నోరు రాలేదు.

సుధాకర్ తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. కోపంగా లాగినట్టు లేదు. మెల్లగానే నడిపించాడు.

కొత్తవాళ్లకు

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. నిప్పు ఎక్కడ పుట్టిందో ముందు చూడండి, ఎందుకు పుట్టిందో తర్వాత. మొదటిది గోడలు, వాసాలు చెబుతాయి. రెండోది మనుషులు చెబుతారు, మనుషుల్లో మీరూ ఒకరు. తెలియనిదాన్ని తెలియదని రాయండి. కరెంటు మీద తోసేయకండి. కిరాయిదారు పేదవాడనో, ఓనరు పెద్దవాడనో ఏ వైపూ వంగకండి. దయ చూపాలనుకుంటే నీళ్లు పట్టేటప్పుడు చూపండి, రాసేటప్పుడు వద్దు. ఇంత చేసినా మీరు రాసింది ఫైల్లో ఉంటుంది, మాట వీధిలో ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరం తగ్గించడం నాకు చేతకాలేదు. అలసిపోయాను.

రజియా ఆ ఇంట్లో ఉండలేదు. సుధాకర్ కప్పు వేయించాడు, ఉండమన్నాడు కూడా. ఆమె మనసు విరిగింది. నా రిటైర్‌మెంటుకు ముందు ఒకసారి ఆమె కొత్త ఇంటి మీదుగా పోతూ ఆగాను. గుమ్మంలో మిషను, పక్కన కుట్టాల్సిన బట్టల మూటలు. టీ పెట్టింది.

"ఇల్లు ఎట్ల దొరికిందమ్మా?" అని అడిగాను. "నా కాగితం చూపించావా?"

"చూపెట్టిన సార్. వీళ్లు చదవలే. 'కాలినిల్లు మీదేనా?' అనే అడిగిండ్రు." రజియా నవ్వింది. "అప్పుడు లచ్చమ్మవ్వ నా ఎంట ఉండె. నేను రమ్మనలే, వర్ధన్నపేట నుంచి బస్సెక్కి తనే వచ్చింది. ఇద్దరం కలిసి ఇండ్లు తిరిగినం. ఈ ఓనరమ్మ ఆమెను సూసి, 'నువ్వేమైతవ్ అవ్వా ఈమెకు?' అన్నది."

"ఏమంది?"

"'నేనేం గాను. గా ఇల్లు గాలవెట్టినదాన్ని' అన్నది సార్."